హోరులో బేరం

కొట్లో చేరిన రోజు నుంచి ఇప్పటిదాకా బావమరిది ఏనాడూ "సరదాగా ఎక్కడికైనా వెళ్దాం బావా" అన్న పాపాన పోలేదు. అలాంటివాడు ఆ వారం కారు కడిగించి, టైర్లలో గాలి కొట్టించి, "కొండల మీద జలపాతాలున్నాయి, ఒకే దారిలో మూడు. పొద్దున్నే బయల్దేరితే చీకటి పడేలోగా ఇంటికొచ్చేయొచ్చు. అక్క కూడా వస్తానంది" అన్నాడు. షావుకారుకి జలపాతాల మీదకి ధ్యాస పోలేదు. వీడికి నాతో ఏం పనిపడింది, అనుకున్నాడు.

అలా అనుకోవడానికి కారణం ఉంది. క్రితం వారం మధ్యాహ్నం అతను భోజనానికని బయల్దేరి, కళ్ళజోడు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాడు. తన కర్టెన్ల కొట్టుకి సరిగ్గా ఎదురుగా చాన్నాళ్ళుగా ఖాళీగా పడున్న కొట్టు ఒకటి ఉంది. ఆ వేళ దాని షట్టరు సగం ఎత్తి ఉంది. దాని కిందనుంచి వంగి బయటికొచ్చింది బావమరిది. చేతిలో కొలతల టేపు. వాడు షట్టరు దించి, ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకుని, అటూ ఇటూ చూసి రోడ్డు దాటాడు. షావుకారు కరెంటు స్తంభం చాటున నిలబడి అంతా చూశాడు.

సాయంత్రం కొట్టు కట్టేదాకా వాడు ఆ ఊసెత్తలేదు. షావుకారూ ఎత్తలేదు. బేరంలో ముందు నోరు తెరిస్తే చేతిలో పేకముక్కలన్నీ అవతలివాడికి చూపించినట్టేనని అతని నమ్మకం. ఇన్నేళ్ళ వ్యాపారం ఆ నమ్మకం మీదే నడిచింది.

కానీ లెక్క మాత్రం వేసుకున్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళ కిటికీలు కొలిచినవాడు బావమరిది. ఏ ఇంట్లో గోడ వంకరగా ఉందో, ఏ ఇల్లాలికి డ్రిల్లు మోత గిట్టదో, ఎవరింటి కుక్క కరుస్తుందో వాడికే తెలుసు. షావుకారు పని కౌంటర్ దగ్గర. బట్ట విప్పడం, చూపించడం, ఒప్పించడం. కొలవడం, నిచ్చెన ఎక్కడం, రాడ్లు బిగించడం వాడి పని. వాడు పోయి ఎదురుగా కూర్చుంటే ఇటు మిగిలేది సగం కొట్టనుకుంటారు తెలియనివాళ్ళు. బిగించే దిక్కులేని కర్టెన్లు ఎవరు కొంటారు? మిగిలేది గుడ్డలు నింపిన గది.

అందుకే "సరే, వెళ్దాం" అన్నాడు. అడగబోయేది ఏదో ఆ కొండల మీదే అడుగుతాడు. అడగనీ. వినడానికి ఖర్చేముంది.

ఆ రోజు కొట్టు చూసుకోవడానికి బావమరిది భార్య వచ్చి కూర్చుంది. "మీరు నిశ్చింతగా వెళ్ళిరండి అన్నయ్యగారూ, నేనున్నానుగా" అంది. ఆ నిశ్చింతగా అన్న మాటతోనే షావుకారుకి ఉన్న కాస్త నిశ్చింతా పోయింది.

కారు ఊరు దాటి ఘాట్ రోడ్డు ఎక్కింది. రెండువైపులా చెట్లు మీదకి వంగి ఉన్నాయి. మలుపు మలుపుకీ నాచుపట్టిన రాళ్ళు, వాటి మీద తడి. బావమరిది నడుపుతున్నాడు. షావుకారు పక్క సీట్లో. వెనక అతని భార్య, ఒళ్ళో అరటిపళ్ళ సంచి, పక్కన టీ ఫ్లాస్కు.

"ఏమండీ, ఆ అద్దం కాస్త దించండి. చెట్ల వాసన ఎంత బాగుందో."

"దుమ్మొస్తుంది."

"ఇక్కడ దుమ్మెక్కడిదండీ. మీ కొట్లో ఉన్నంత దుమ్ము ఈ కొండ మొత్తం గాలించినా దొరకదు."

బావమరిది నవ్వాడు. నవ్వి, పైనున్న చిన్న అద్దంలోంచి అక్క వంక చూశాడు. ఆవిడా చూసింది. ఆ చూపులో ఏదో ఇచ్చిపుచ్చుకోవడం జరిగిందని షావుకారు గమనించాడు. అంటే ఇద్దరూ కలిసే ఉన్నారన్నమాట. కట్టుకున్నది కూడా అవతలి పార్టీయే.

మొదటి జలపాతం రోడ్డు పక్కనే తగిలింది. సన్నటి ధార. రాయి మీదనుంచి జారి, గుంటలో పడి, రోడ్డు కింద తూములోంచి పోతోంది. షావుకారు భార్య చెప్పులు విప్పి గుంటలో పాదాలు పెట్టి కూర్చుంది. చల్లగా ఉందంటూ తనలో తనే నవ్వుకుంటోంది.

"ఇది మామూలుదే బావా" అన్నాడు బావమరిది, చేతులు కట్టుకుని. "ముందు ఇంకా ఉన్నాయి."

షావుకారు చెవులు రిక్కించాడు. ఆ మాట వాడిది కాదు. తనది. రోజూ కౌంటర్ దగ్గర తను అనే మాట అది, అక్షరం పొల్లుపోకుండా. కొనడానికి వచ్చినావిడకి ముందు ఒక నాసిరకం బట్ట తాను విప్పుతాడు. "ఇది మామూలుదేనమ్మా, ముందు ఇంకా ఉన్నాయి" అంటాడు. ఆవిడ మూతి విరుస్తుంది. తర్వాత కాస్త మంచిది విప్పుతాడు. ఆవిడ తల ఒక పక్కకి వంచుతుంది. మూడోది, తను అమ్మదలుచుకున్నది, విప్పి వదిలేస్తాడు. దాన్ని విప్పాక ఆవిడ మొహం చూడకూడదు, మాట్లాడకూడదు. బట్ట వంకే చూస్తూ ఊరుకోవాలి. ఆ మౌనం భరించలేక ఆవిడే చెయ్యి చాపి బట్ట పట్టుకుంటుంది. పట్టుకుందా, బేరం అయిపోయినట్టే.

మూడు జలపాతాలు. ముందు చిన్నది. ఓహో, అనుకున్నాడు షావుకారు. నా తాన్లు నాకే విప్పుతున్నావట్రా.

అంతలో బావమరిది జేబులో ఫోను మోగింది. వాడు పేరు చూసి, కారు అవతలికి నడిచి, వీపు ఇటు పెట్టి మాట్లాడాడు. తల ఊపుతున్నాడు, రెండో చేత్తో గాలిలో ఏదో వెడల్పు చూపిస్తున్నాడు. తిరిగొచ్చాక షావుకారు ఆవులిస్తూ అడిగాడు.

"ఎవరది?"

"రాంగ్ నంబర్ బావా."

"రాంగ్ నంబర్ వాడికి కొలతలు చెబుతున్నావేంట్రా?"

"అదా... దోమలు. దోమలు తోలుకుంటున్నా" అని నీళ్ళు నమిలి, వాడు గబగబా కారెక్కేశాడు.

రెండో జలపాతానికి అడవిలోకి కాస్త నడవాలి. కాలిబాట మీద ఆకులు కుళ్ళి మెత్తగా ఉంది. బావమరిది ముందు నడుస్తూ ముళ్ళకొమ్మలు పక్కకి పట్టుకుని, అక్కకి దారి ఇస్తూ, "బావా, అక్కడ రాయి కదులుతుంది, ఇటు అడుగెయ్యండి" అంటున్నాడు. ఈ మర్యాద కూడా షావుకారు లెక్కలో రాసుకున్నాడు. కొనేవాళ్ళకి కుర్చీ లాగి వేసేది కూడా ఇలాగే.

జలపాతం రెండు మెట్లుగా పడుతోంది. పైమెట్టు వెడల్పుగా, కిందిమెట్టు చిక్కగా. ముగ్గురూ ఒక బండ మీద నిలబడ్డారు. బావమరిది చాలాసేపు పైకి చూసి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు:

"పైన కుచ్చు సరిగ్గా కుదిరింది బావా. కింద మాత్రం గుడ్డ ఎక్కువైంది. ఆ కొస చూడండి, నేలకి తగిలి మడత పడిపోతోంది. కొంచెం పైకి ఎత్తి కుడితే ఎంత తేలిగ్గా వేలాడేదో. వెనకాల ఆ నల్లరాయి ఉంది కాబట్టి సరిపోయింది. తెల్లగోడైతే దీని అందం తేలేది కాదు."

షావుకారు కూడా పైకి చూశాడు. మెడ వెనక చల్లగా ఏదో పాకింది, తుంపరేమో. వీడు నిచ్చెన మీద నిలబడి రింగులు ఎక్కిస్తున్నాడనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అక్కడినుంచే బట్ట పడే తీరు చదువుకుంటున్నాడని అనుకోలేదు. వెనక గోడ రంగుని బట్టి బట్ట తేలుతుందని తను వీడికి ఎప్పుడూ చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. అయినా పట్టేశాడు.

వీడు అమ్మగలడు, అనుకున్నాడు. ఎదురు కొట్లో కూర్చుంటే నాకంటే బాగా అమ్మగలడు. అప్పటిదాకా ఉన్నది అనుమానం. ఇప్పుడు భయం కూడా తోడైంది.

"ఏంటండీ, మొహం అలా పెట్టారు?" అంది భార్య, అరటిపండు ఒలిచి చేతిలో పెడుతూ.

"నీ తమ్ముడు జలపాతానికి కొలతలు తీస్తున్నాడు, చూస్తున్నా."

"పోనీ తీయనివ్వండి. మీరు మెచ్చుకుంటే వాడి ఎత్తేం పెరగదు, మీ ఎత్తేం తగ్గదు."

ఈ మాట ఊరికే అన్నదా, ఎవరైనా అనమంటే అన్నదా? షావుకారు అరటిపండు రెండు ముక్కల్లో మింగేసి కారువైపు నడిచాడు.

మూడో జలపాతం దాకా అతను నోరు విప్పలేదు. మనసులో ఒక్కటే గట్టిగా అనుకుంటూ వచ్చాడు. అక్కడ వీడు నోరు తెరుస్తాడు. తెరవగానే నేను ఆశ్చర్యపోవాలి. అలాగా, ఎదురు కొట్టా, నాకు తెలియదే, అనాలి. ఆలోచించి చెబుతానని పది రోజులు నాన్చాలి. ఈలోగా ఆ కొట్టు ఇంకెవరికైనా పోయేలా చూడాలి. పథకం పక్కాగా ఉంది. తను నోరు తెరవకుండా ఉంటే చాలు.

కారు ఆపిన చోటికే చప్పుడు వినిపించింది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆ చప్పుడు హోరైంది. కొండ నెత్తిమీదనుంచి నీళ్ళు ఒక్క ఊపున పడుతున్నాయి. కింద తుంపర పొగలాగా లేస్తోంది. ఇనుప కమ్మీల వెనక ఇరవైమంది దాకా జనం. ఒక ముసలాయన రెయిన్‌కోటు తొడుక్కుని గొడుగు కూడా పట్టుకున్నాడు. ఒక జంట ఫోటోలు తీసుకుంటోంది. షావుకారు భార్య కమ్మీ పట్టుకుని, తుంపరకి మొహం ఎత్తి, కళ్ళు మూసుకుని నిలబడిపోయింది.

బావమరిది షావుకారు పక్కకొచ్చి నిలబడ్డాడు. ఇదిగో, ఇప్పుడే, అనుకున్నాడు షావుకారు.

వాడు మాట్లాడలేదు. షావుకారు మొహం చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, నీళ్ళ వంకే చూస్తూ ఊరుకున్నాడు.

షావుకారు కూడా నీళ్ళ వంక చూశాడు. కాసేపయ్యాక ఓరగా వాడి వంక చూశాడు. వాడు కదల్లేదు. ఇంకాసేపయ్యాక గొంతు సవరించుకున్నాడు. ఆ హోరులో అది తనకే వినపడలేదు. ఈ మౌనం ఎలా పనిచేస్తుందో అతనికి తెలుసు, అది తను వండి వడ్డించిందే. ఎంతమందికి వడ్డించాడో లెక్కలేదు. తిన్నది మాత్రం ఇదే మొదటిసారి.

"ఒరేయ్" అన్నాడు. వాడు తిరగలేదు. మరి అక్కడ మామూలుగా అంటే ఎవరికి వినపడుతుంది?

షావుకారు జీవితంలో ఏ బేరమూ గొంతు పెంచి చెయ్యలేదు. కొనేవాళ్ళు ముందుకి వంగి వినాల్సినంత మెల్లగా చెబుతాడు ధర. అలాంటివాడు ఆ కొండ మీద, ఇరవైమంది మధ్య, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"కొట్లో వాటా ఇస్తాను రా!"

వాడు నీళ్ళ వంకే చూస్తున్నాడు. గొడుగు ముసలాయన తల తిప్పాడు.

"బోర్డు మీద నీ పేరు వేయిస్తాను!"

ఫోటోల జంట ఫోను దించింది. బావమరిది మాత్రం కదల్లేదు.

షావుకారు దగ్గర ఇక మిగిలింది ఒక్కటే. ఎవరికీ ఇవ్వకూడదని లోపల్లోపలికి దాచుకున్నది.

"కౌంటర్ నువ్వే తీసుకో! బట్ట నువ్వే చూపించు!"

గొడుగు ముసలాయన బావమరిది వంక చూసి, ఒప్పేసుకో నాయనా అన్నట్టు గొడుగు ఆడించాడు. అప్పుడు తిరిగాడు బావమరిది. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంటి బావా? ఏదో అంటున్నారా?"

షావుకారు వాడి మొహంలోకి చూశాడు. అమాయకంగా ఉంది. తుంపరకి తడిసి మెరుస్తోంది.

"ఏం లేదు" అని అరిచాడు. "ఇక్కడ జారుతోంది. జాగ్రత్త!"

గోడ మీదనుంచి పడిపోతూ గడ్డిమేటు మీద పడ్డవాడి ప్రాణం ఎలా ఉంటుందో అలా ఉంది అతనికి. నోరు జారింది, కానీ వాడికి దొరకలేదు. ఈ నీళ్ళు కాపాడాయి. అయితే ఆ సంతోషం కారుదాకా కూడా నిలవలేదు. ఏంటి, అని మళ్ళీ చెప్పించడం కూడా తన పాత కిటుకే కదా. అవతలివాడు రెండోసారి చెప్పేటప్పుడు ఇంకో మెట్టు దిగుతాడు. అదీ వాడు తన దగ్గర చూసి పట్టిందే. భార్య దగ్గరికి జరిగి మెల్లగా అడిగాడు.

"నేను అరిచింది నీకేమైనా వినపడిందా?"

"నీళ్ళు తప్ప నాకేం వినపడలేదండీ" అందావిడ, కొంగు పిండుకుంటూ, తల ఎత్తకుండా.

దిగేటప్పుడు ఒక మలుపు దగ్గర రేకుల కప్పు కింద టీ కొట్టుంది. తడిసిన బట్టలతో ముగ్గురూ బల్లమీద కూర్చున్నారు. టీ కాచే ఆవిడ మూడు గ్లాసులు పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇక్కడ హోరు లేదు. వానకి చూరు కారే చప్పుడొక్కటే.

"ఏది బాగుంది మరి?" అని అడిగాడు షావుకారు, ఏదో ఒకటి మాట్లాడాలని.

"మొదటిది" అంది భార్య.

"అదేంటి? మూడోది చూశాక కూడానా?"

"దాంట్లో కాళ్ళు పెట్టుకున్నాను కదండీ. మిగతావి చూడ్డానికే."

షావుకారు ఇబ్బందిగా కదిలాడు. నాసిరకం తానే కావాలన్నవాళ్ళు అతని కొట్లో ఇంతవరకూ ఎదురుపడలేదు.

బావమరిది గ్లాసు బల్లమీద పెట్టాడు.

"బావా, ఒక మాట. మన కొట్టుకి ఎదురుగా ఖాళీ కొట్టుంది కదా. నేను వెళ్ళి చూశాను. లోపల కొలిచాను కూడా. పొద్దున ఫోను చేసింది ఆ కొట్టు యజమాని. తీసుకుంటావా లేదా తేల్చమంటున్నాడు. సాయంత్రం చెబుతానన్నాను."

ముందు నోరు తెరిచింది వాడు. షావుకారు వేసుకున్న పథకం ప్రకారం ఇప్పుడు ఆశ్చర్యపోవాలి. మొహం దానికి సహకరించలేదు.

"అందుకా మమ్మల్ని ఈ కొండలెక్కించావ్? మెత్తబరుద్దామనా?"

"మిమ్మల్ని మెత్తబరచడానికి ఆ నీళ్ళు సరిపోతాయా బావా? అక్క ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది. రేపు నేను వెళ్ళిపోతే మిమ్మల్ని ఆ కొట్లోంచి కదిపేవాడుండడు, చూపించేద్దాం అనుకున్నా. అంతే."

"నీకు ముందే తెలుసా?" అన్నాడు షావుకారు భార్య వంక తిరిగి.

"తెలుసు. మీకు చెప్పమన్నది నేనే. నీళ్ళ దగ్గర మాత్రం చెప్పొద్దన్నాను. ఒక్కరోజైనా వ్యాపారం లేకుండా చూద్దామని." ఆవిడ టీ ఊదుకుంది. "ఆ మాట మీకు కూడా చెప్పి ఉండాల్సింది."

ఆ చివరి మాట షావుకారుకి అప్పుడు అర్థం కాలేదు. అతని ధ్యాసంతా బావమరిది మీదే ఉంది.

"నీకేం తక్కువ చేశాన్రా?"

"తక్కువేం చెయ్యలేదు. కానీ మొదటినుంచీ నిచ్చెన మీదే ఉన్నాను బావా. ఒక్కసారైనా తాను విప్పనిచ్చారా? ఆమధ్య మీకు జ్వరమొస్తే కొట్టు మూసేశారు తప్ప, నువ్వు కూర్చోరా అనలేదు. ఇవాళ మా ఆవిణ్ణి కూర్చోబెట్టారు, దానికి ఎర్రరంగులో అయిదు రకాలుంటాయని కూడా తెలియదు. ఎదురు కొట్లో కూర్చుంటే నాకేదో కలిసొస్తుందని కాదు. అక్కడ నన్నెవరూ లేవమనరు."

చూరునుంచి నీళ్ళు కారుతున్నాయి. షావుకారు లోపల లెక్క చకచకా నడిచింది. వాడు గుట్టు విప్పేశాడు. పైచెయ్యి తనది. ముందు వాటాతో మొదలెట్టొచ్చు. వాటా అంటే వాడు కాస్త ఆలోచిస్తాడు. ఆ తర్వాత బోర్డు. కౌంటర్ దాకా వెళ్ళే అవసరమే రాకపోవచ్చు.

వాటా అనడానికి నోరు తెరిచాడు, మళ్ళీ మూసేశాడు. కొనడానికి వచ్చినావిడ నాకు నీలమే కావాలని నోరు తెరిచి చెప్పాక ఆకుపచ్చ విప్పేవాడు వ్యాపారి కాదు. ఆవిడ మెట్లు దిగి ఎదురు కొట్టుకి పోతుంది. ఇక్కడ ఎదురు కొట్టు అన్నది మాటవరసకి కాదు, నిజంగానే ఉంది. పైగా అడవిలో వాడన్న మాట ఒకటి ఇందాకటినుంచీ చెవిలో తిరుగుతోంది. తెల్లగోడైతే దీని అందం తేలేది కాదు. అంత కన్నున్నవాణ్ణి నిచ్చెన మీద ఉంచడం నష్టం బేరం. ఇన్నాళ్ళూ ఆ నష్టం కనపడలేదంటే, వాణ్ణి ఎన్నడూ కింద నిలబడనివ్వకపోవడమే కారణం.

"కౌంటర్ నువ్వు చూడు" అన్నాడు మెల్లగా, తన మామూలు గొంతుతో. వాడు ముందుకి వంగి వినాల్సి వచ్చింది. "నేను పక్కన కూర్చుంటా."

"నోరు మూసుకుని కూర్చోగలరా?" అంది భార్య.

"చూస్తాను."

బావమరిది గ్లాసులోకి చూస్తూ, చెంచాతో అడుగున చక్కెర కలుపుతూ కూర్చున్నాడు. షావుకారు ఈసారి ఓపిక పట్టాడు. ఎంత మౌనమైనా వినడానికే సిద్ధపడ్డాడు.

"కౌంటర్ ఒక్కటేనా బావా?" అన్నాడు వాడు చివరికి. "అక్కడ నీళ్ళ దగ్గర దానికి ముందు రెండు చూపించినట్టున్నారు?"

భార్య గ్లాసు పెదాలకి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"వినపడనట్టు అడిగావు కదరా?" అన్నాడు షావుకారు వాడితో.

"మళ్ళీ అడిగితే ఏమంటారో చూద్దామని."

"నీకు?" అన్నాడు భార్యతో.

"ఆ గొడుగు ముసలాయనకే వినపడింది, నాకు వినపడదా?"

షావుకారుకి కోపం రావాలి. వస్తుందేమోనని చూశాడు. దానికి బదులు లోపల ఏదో కుదుటపడినట్టయింది. అంత హోరులో మొహంలో ఒక్క గీత కదలనివ్వకుండా నిలబడ్డాడు వీడు. రేపు కౌంటర్ దగ్గర వీడి ముందు ఎవరు నిలబడినా బట్ట కొనకుండా మెట్లు దిగలేరు. ఆ బట్ట ఎదురుగా కాక తన కొట్లోనే అమ్ముడుపోతుంది.

"వాటా సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడదాం" అన్నాడు. "పేరు నా పేరు కింద వేయిస్తా. చిన్నక్షరాల్లో."

"పక్కన బావా."

"కింద. పక్కన చోటు లేదు."

"నేను బిగించిన బోర్డే కదా. పక్కన చోటుంది."

"మీరిద్దరూ ఇక్కడే కాపరం పెట్టేలా ఉన్నారు" అని భార్య లేచి, సంచి తీసుకుని కారువైపు నడిచింది.

"పక్కనే, కానీ చిన్నక్షరాల్లో" అన్నాడు షావుకారు. బావమరిది ఆలోచించి తల ఊపాడు. జేబులోంచి ఫోను తీసి లేవబోయాడు.

"ఎక్కడికి?"

"ఆ కొట్టాయనకి వద్దని చెబుతాను బావా."

"అటెందుకు, ఇక్కడే మాట్లాడు."

వాడు నవ్వి మళ్ళీ కూర్చుని నంబరు నొక్కాడు. "నమస్కారమండీ, నేనే. కొట్టు నాకక్కర్లేదండీ. లేదండీ, ఇంకేం ఆలోచన లేదు" అంటున్నాడు. షావుకారు టీ గ్లాసు జరుపుకునే నెపంతో బల్లమీదకి వంగి, ఫోనుకి దగ్గరగా చెవి పెట్టాడు. అవతల ఎవరో మగగొంతు నిజంగానే విసుక్కుంటోంది. అది విన్నాక గానీ అతను వెనక్కి వాలలేదు.